కెబెక్ నగరం చూడబోయే వారికి: బస ఎక్కడ?

మారిషస్ నుంచి కెనడాకు చుట్టపుచూపుగా వచ్చే మనవాళ్లు మాంట్రియల్‌లో దిగి, నాలుగు రోజులు సేదదీరాక అడిగే మొదటి ప్రశ్న నయాగరా జలపాతం గురించి. రెండో ప్రశ్న కెబెక్ నగరం గురించి. "అక్కడ పాత ఊరు ఉందట, చుట్టూ కోటగోడ ఉందట, అందరూ ఫ్రెంచే మాట్లాడతారట, చూపిస్తావా?" అంటారు. చూపించడం తేలికే. మాంట్రియల్ నుంచి ఆ ఊరు సుమారు 250 కిలోమీటర్లు. రైలులోనైనా బస్సులోనైనా మూడు గంటలు, మహా అయితే మరికొంత. కష్టమంతా తరువాతి ప్రశ్నలో ఉంది. రాత్రికి ఎక్కడ ఉండాలి?

మేము మాంట్రియల్‌లో బడిపంతులుగా పనిచేస్తున్నాము. సెలవులు దొరికినప్పుడల్లా చుట్టాలను వెంటబెట్టుకుని ఆ ఊరికి వెళ్లి వచ్చాము. మంచి బసలూ చూశాము, చెడ్డ బసలూ చూశాము. మా తెలుగు చిన్ననాడు సాయంకాలపు బడిలో పలక మీద దిద్దుకున్న తెలుగు. తప్పులుంటే చదువరులు మన్నించాలి. తెలిసిన సంగతులు మాత్రం దాచకుండా చెబుతాము.

ముందుగా మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మా అక్కయ్య మొదటిసారి వచ్చినప్పుడు ఆమెకు డెబ్బై ఒకటో ఏడు. చెరుకుతోటల్లో పెరిగిన మనిషి, మోకాళ్లు అరిగిపోయాయి. మేము బొమ్మలు చూసి, కింది ఊరిలో నది పక్కన రాతి ఇంట్లో ఒక అందమైన గది పుచ్చుకున్నాము. వెళ్లి చూస్తే ఆ గది మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. మెట్లు ఇరుకు, నిలువు. అక్కయ్య ఒకసారి ఎక్కింది. రెండు రోజుల తరువాత సామాను తీసుకుని ఒకసారి దిగింది. ఆ మధ్య ఆమె చూసిన కెబెక్ అంతా ఒక కిటికీలోంచి చూసినదే. "పోనీలే తమ్ముడూ, నది కనిపించింది కదా" అని మన క్రియోలులో అన్నది. తొమ్మిదివేల మైళ్లు దాటించి తీసుకువచ్చి పెద్దదానిని గదిలో కూర్చోబెట్టామే అని మాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఈ వ్యాసం రాయడానికి అదే కారణం.

రెండు అంతస్తుల ఊరు

బస ఎంచుకోవాలంటే ఊరి ఆకారం తెలియాలి. ఆకారం తెలియాలంటే కొంచెం చరిత్ర కావాలి.

సామ్యుయెల్ ద షాంప్లేన్ అనే ఫ్రెంచి నావికుడు 1608 జూలై 3న సెయింట్ లారెన్స్ నది ఒడ్డున దిగి ఈ ఊరికి పునాది వేశాడు. కెబెక్ అన్న మాట ఫ్రెంచి కాదు, అక్కడి ఆదివాసుల ఆల్గాంకిన్ భాషలోది. నది ఇరుకైన చోటు అని దాని అర్థం. నది పక్కన ఒక సన్నని చదును నేల, దాని వెనుక గోడలా లేచిన పెద్ద కొండబండ. చదును నేల మీద ఓడలు, గిడ్డంగులు, వర్తకులు. బండ మీద గవర్నరు, సైన్యం, చర్చి, కన్యకల మఠాలు. అందువల్ల ఊరు మొదటి నుంచీ రెండు అంతస్తులుగా పెరిగింది. కింది దానిని బాస్ వీల్ అంటారు, పై దానిని ఓత్ వీల్ అంటారు. పై ఊరి చుట్టూ దాదాపు 4.6 కిలోమీటర్ల కోటగోడ ఉంది. మెక్సికోకు ఉత్తరాన ఇలా కోటగోడ నిలిచి ఉన్న నగరం ఇదొక్కటే. పాత ఊరు 1985లో యునెస్కో వారి ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

మన మారిషస్ వాళ్లకు ఈ ఊరి చరిత్ర చదువుతుంటే మన కథే రెండోసారి వింటున్నట్టుంటుంది. 1759 సెప్టెంబరు 13న కోట బయటి అబ్రహాం మైదానంలో బ్రిటిషు సైన్యం ఫ్రెంచి సైన్యాన్ని ఓడించింది. ఇరు పక్షాల సేనాపతులు వుల్ఫ్, మోంకామ్ ఇద్దరూ ఆ గాయాలతోనే చనిపోయారు. 1763లో సంధి జరిగి దేశం బ్రిటిషు వారిదయింది. అయినా 1774 చట్టం ప్రకారం ఫ్రెంచి వారి పౌర న్యాయం, మతం నిలిచాయి. మన ద్వీపం 1810లో బ్రిటిషు వారి చేతికి వచ్చింది. అక్కడా పాత చట్టాలు, ఆచారాలు, మతం ఉంచుతామన్న షరతు మీదే ఫ్రెంచి వారు లొంగారు. జెండా మారింది, భాష మారలేదు. రెండు ఊళ్లకూ బ్రిటిషు వారు కట్టిన సిటడెల్ కోటలు ఉన్నాయి. పోర్ట్ లూయి కొండ మీది కోట పని 1834లో మొదలైంది. మన కూలీల ఓడలు రావడం మొదలైన ఏడాది అదే.

ఇంకొక చుట్టరికం. 1870లలో కెబెక్ ప్రజలు వ్యాపారానికి అడ్డమని ఈ గోడను పడగొట్టడం మొదలుపెట్టారు. అప్పటి గవర్నర్ జనరల్ డఫ్రిన్ ప్రభువు, వెడల్పైన ద్వారాలు కట్టుకుందాం, గోడ మాత్రం ఉంచండని వారిని ఒప్పించాడు. ఈయనే తరువాత 1884 నుంచి 1888 వరకు భారతదేశానికి వైస్రాయి. నదిని చూస్తూ నడిచే పొడవైన చెక్క వసారాకు ఆయన పేరే పెట్టారు.

ఇక అసలు విషయానికి వస్తాము.

గోడ లోపల ఉంటే

ఊరు చూడడమే పని, కాళ్లు బాగున్నాయి, రెండే రాత్రులు ఉంటాము అనేవారికి పై ఊరిలో గోడ లోపల ఉండడం మేలు. తెల్లవారుజామున యాత్రికులు రాకముందు, రాత్రి వారు వెళ్లిపోయాక, ఆ వీధులు మనవే. సేన్ లూయి వీధి, సేంతుర్స్యూల్ వీధి, గవర్నర్ల తోట చుట్టుపక్కల పాత ఇళ్లను చిన్న హోటళ్లుగా మార్చారు. గదులు చిన్నవి, గోడలు మందం, మెట్లు చాలా. కారు పెట్టుకోవడానికి చోటు ఉండదు. ఉన్నా దానికి వేరే అద్దె.

అందరూ బొమ్మల్లో చూసే ఆ పచ్చరేకు కప్పు మహలు పేరు షాతో ఫ్రోంతనాక్. రాజులు కట్టిన కోట కాదు, కెనడియన్ పసిఫిక్ రైల్వే కంపెనీ వారు 1893లో తెరిచిన హోటలు. 1943, 1944 యుద్ధ సమావేశాలకు చర్చిల్, రూజ్వెల్ట్ ఈ ఊరికి వచ్చినప్పుడు వారి పరివారమంతా దిగింది ఇక్కడే. గది అద్దె మన వంటి వారి చేతికి అందేది కాదు. కానీ సావిట్లోకి వెళ్లి చూసి రావచ్చు, ఎవరూ అడ్డు చెప్పరు.

గోడ లోపలే మరొక బస ఉంది, అది మాకు ఎక్కువ నచ్చింది. 1639లో ఫ్రాన్సు నుంచి వచ్చిన అగస్తీన్ సన్యాసినులు ఇక్కడ ఆసుపత్రి నడిపారు. మెక్సికోకు ఉత్తరాన అమెరికా ఖండంలో మొదటి ఆసుపత్రి అదే. వారి మఠంలో కొంత భాగాన్ని 2015 నుంచి బసగా తెరిచారు. పూర్వం సన్యాసినులు పడుకున్న చిన్న గదులు ఉన్నాయి; స్నానాల గది నలుగురికీ ఉమ్మడి. కొత్తరకం గదులూ ఉన్నాయి. పొద్దుటి ఫలహారం మౌనంగా తినాలి. వాగుడుకాయలమైన మాకు మొదటి రోజు కష్టమైంది, రెండో రోజు హాయిగా అనిపించింది. అదే ఏడు అదే ఓడలో వచ్చిన ఉర్స్యులీన్ సన్యాసినులు ఆడపిల్లల బడి పెట్టారు. ఉత్తర అమెరికాలో ఆడపిల్లల చదువుకు ఇంత పాత సంస్థ మరొకటి లేదు. బడిపంతుళ్లు అటు వెళ్లి ఆ గుమ్మం ముందు నిలబడకుండా రాకూడదు.

కింది ఊరిలో ఉంటే

కింది ఊరిలో ప్లాస్ రోయాల్, పెతీ షాంప్లేన్ వీధి, పాత రేవు ఉన్నాయి. వర్తకుల గిడ్డంగులు, బ్యాంకుల కట్టడాలు హోటళ్లయ్యాయి. పెద్ద కట్టడాలు గనుక వీటిలో చాలావాటికి లిఫ్టు ఉంటుంది. రైలు స్టేషను గార్ ద్యు పాలే ఈ అంతస్తులోనే ఉంది గనుక రైలు దిగి సామానుతో కొండ ఎక్కే పని లేదు. చదునుగా నడవవచ్చు.

చిక్కు ఎక్కడంటే, చూడవలసిన వాటిలో సగం పైన ఉంటాయి. రెండు ఊళ్ల మధ్య, చుట్టుపక్కల, సుమారు ముప్పై మెట్లదారులు ఉన్నాయి. అన్నిటికంటే పాతదాని పేరు కాస్ కూ, అంటే మెడ విరగ్గొట్టేది. మోకాళ్ల నొప్పులవారు ఆ పేరు విని వెనుదిరగడమే మంచిది. 1879 నుంచి ఒక ఫ్యునిక్యులేర్ నడుస్తోంది, పట్టాల మీద కొండకు ఎగబాకే పెట్టె వంటిది. కొద్ది డబ్బులిచ్చి క్షణంలో డఫ్రిన్ వసారా మీద దిగవచ్చు. మరమ్మతులకు ఆపే రోజులుంటాయి గనుక ముందే విచారించాలి. కింది ఊరిలో దిగి, ఆ రోజు అది ఆగిపోతే, పెద్దవాళ్లకు మా అక్కయ్య గతే.

ద్వారాలు దాటి బయట ఉంటే

సేన్ జాన్ ద్వారం దాటగానే డ్యూవీల్ చౌకు వస్తుంది. అక్కడి నుంచి సేన్ జాన్ బాప్తీస్త్ పేట మొదలు. సేన్ లూయి ద్వారం దాటితే శాసనసభ, గ్రాంద్ ఆలే రహదారి, ఇంకా ముందుకు మోంకామ్ పేట. ఇవన్నీ పై ఊరి మట్టంలోనే ఉన్నాయి. పక్కనే అబ్రహాం మైదానం, ఇప్పుడది పెద్ద ఉద్యానవనం. ఊరివాళ్లు నిజంగా కాపురం ఉండే పేటలు గనుక రొట్టెల కొట్లు, కూరల కొట్లు, మందుల షాపులు దగ్గరలో ఉంటాయి. ద్వారం వరకు పది పదిహేను నిమిషాల నడక. పెద్దవాళ్లతో, పిల్లలతో వచ్చే కుటుంబాలకు మేము చెప్పే సలహా ఇదే. గోడకు దగ్గరగా, కానీ గోడకు బయట.

కొండ కింద సేన్ రోక్ అనే పేట ఉంది. ఒకప్పుడు కార్మికుల పేట. పై మట్టానికి వెళ్లడానికి అక్కడ ఒక లిఫ్టు కట్టారు, దానికి డబ్బు తీసుకోరు. గది అద్దె గోడ లోపలికంటే సాధారణంగా తక్కువ.

ఇంకా దూరాన పడమట సేంత్ ఫోయ్ ఉంది. కారులో వచ్చేవారికి మోటెళ్లు, చోటు, తక్కువ అద్దె. లావాల్ విశ్వవిద్యాలయం అక్కడే ఉంది. వేసవిలో విద్యార్థులు ఇళ్లకు వెళ్లాక వారి వసతిగృహంలో గదులు యాత్రికులకు అద్దెకిస్తారు. మంచం, బల్ల, దీపం, అంతే. మన పిల్లలు పెద్ద చదువుకు కెనడా రావాలనుకుంటే ఒక రాత్రి అక్కడ ఉంచి చూడండి. అటునుంచి పాత ఊరికి 800, 801 నంబర్ల మెట్రోబస్సులు ఉన్నాయి.

పాత ఊరికి ఇరవై నిమిషాల దూరంలో వెండాకె అనే ఊరు ఉంది. హ్యూరాన్ వెండాట్ ఆదివాసుల ఊరు అది. వారు 2008లో తమ మ్యూజియంతో కలిపి హోటలు తెరిచారు. షాంప్లేన్‌కు ముందు ఈ నది ఎవరిదో తెలుసుకోవాలనుకునే వారు అక్కడ ఒక రాత్రి గడపడం సబబు. శీతకాలంలో మంచుతోనే గదులు, మంచాలు కట్టే హోటలు ఒకటి ఉంది. చూసి రండి. పడుకోవడానికి మాత్రం మేము సిఫారసు చేయలేము. చెరుకు ఎండలో పుట్టిన ఒళ్లు మనది.

మాటల తిరకాసు

మనకు ఫ్రెంచి వచ్చు కదా అన్న ధీమాతో వెళ్లి మేము రెండు మూడు చోట్ల నవ్వులపాలయ్యాము. తెలుగుదేశంలో హోటలు అంటే ముందు ఇడ్లీ గుర్తుకొస్తుంది. కెబెక్‌లో ఒతెల్ ద వీల్ అంటే పురపాలక సంఘం, ఒతెల్ ద్యు పార్లమా అంటే శాసనసభ, ఒతెల్ ద్యూ అంటే ఆసుపత్రి. వీటిలో ఏ ఒక్కటీ మంచం ఇవ్వదు. పోర్ట్ లూయిలో ఒతెల్ ద్యు గువెర్నమా చూసిన మనకు ఇది వింత కాకూడదు, అయినా టాక్సీలో తొందరలో పొరపడతాము.

దేజునే అంటే మనకు మధ్యాహ్న భోజనం. కెబెక్ వారికి పొద్దుటి ఫలహారం. వారి మధ్యాహ్న భోజనం దీనే, రాత్రిది సూపే. కనుక "దేజునే కలిపి" అని రాసి ఉంటే మధ్యాహ్నం పన్నెండింటికి బల్ల దగ్గర కూర్చుని ఎదురుచూడవద్దు. ఒకసారి మేము కూర్చున్నాము.

అంతస్తుల లెక్క కూడా తేడానే. మారిషస్‌లో నేల అంతస్తు పైన ఉన్నది మొదటి అంతస్తు. ఇక్కడ చాలాచోట్ల నేల అంతస్తే మొదటిది. అందుచేత అంతస్తు నంబరు అడగడంతో ఆగవద్దు. "వీధి గుమ్మం నుంచి మంచం దాకా ఎన్ని మెట్లు? లిఫ్టు ఉందా?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న మేము ఆనాడు అడిగి ఉంటే అక్కయ్య ఊరు చూసేది.

జీత్ అంటే గృహస్థుల ఇంట్లో గది, పొద్దుట ఫలహారంతో. ఇంటివారు పక్కనే ఉంటారు, ఊరి కబుర్లు చెబుతారు. ఓబెర్జ్ అంటే సత్రం వంటి చిన్న హోటలు. ఓబెర్జ్ ద జనెస్ అంటే యువకుల సత్రం. ఒక గదిలో పలు మంచాలు ఉంటాయి, వయసుమళ్లిన వారినీ రానిస్తారు. రెసిడాన్స్ ద తురిస్మ్ అంటే వంటగదితో కూడిన ఇల్లు.

నంబరు, పన్ను, పొయ్యి

ఇల్లు అద్దెకు తీసుకునేవారు ఒక జాగ్రత్త పాటించాలి. 2023 మార్చి 16న పాత మాంట్రియల్‌లో ఒక పాత కట్టడం తగలబడి ఏడుగురు చనిపోయారు. అనుమతి లేకుండా యాత్రికులకు అద్దెకిచ్చిన గదులు అందులో ఉన్నాయి. తరువాత రాష్ట్ర ప్రభుత్వం చట్టం బిగించింది. 2023 సెప్టెంబరు 1 నుంచి అద్దె ప్రకటనలు వేసే కంపెనీలు నమోదు నంబరు లేని ఇంటిని చూపకూడదు. కనుక ప్రకటనలో ఆ నంబరు ఉందా, నమోదు పత్రంలోని చిరునామా, ఇంటి చిరునామా ఒకటేనా అని చూడండి. బంధువుల బంధువు చెప్పాడని ఊరు పేరు లేని ఇంటికి ముందే డబ్బు పంపవద్దు. గదిలోకి వెళ్లగానే పొగ గంట, బయటికి పోయే రెండో దారి ఎక్కడున్నాయో చూసుకోండి.

ప్రకటనలో కనిపించే అద్దె చివరి అద్దె కాదు. బస పన్ను 3.5 శాతం, కేంద్రం అమ్మకపు పన్ను 5 శాతం, రాష్ట్రపు పన్ను 9.975 శాతం కలుస్తాయి. 150 డాలర్ల గదికి సుమారు 178 డాలర్లు అవుతుంది. మూడు రాత్రులకు ఎనభై డాలర్లకు పైగా తేడా. ఇంటి దగ్గరే లెక్క వేసుకుంటే అక్కడ ముఖం చిన్నబోదు.

తిండి సంగతి. అమ్మోరు పూజకో, సింహాద్రి అప్పన్న పూజకో కారేమ్ పట్టినవారు, శాకాహారులు వంటగది ఉన్న బస చూసుకోవాలి. ఈ ఊరి ప్రసిద్ధమైన బఠాణీ సూపులో పంది మాంసం వేస్తారు. చిక్కుడు గింజల వంటకంలోనూ అంతే. వేపిన బంగాళాదుంపల మీద జున్నుముక్కలు వేసి ఇచ్చే పూతీన్‌లో పులుసు తరచు మాంసపుదే. మాంసం లేదా అని అడిగితే చాలదు, పందికొవ్వు, మాంసపు రసం కూడా లేవు కదా అని విడిగా అడగాలి.

వంటగది ఉన్నా మన పోపు ఆ ఇళ్లకు కొత్త. ఒక బసలో మా ఇంటావిడ చారుకు పోపు పెట్టింది. ఆవాలు చిటపటలాడేలోగా పొగ గంట మోగింది, ఇంటాయన చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చాడు. సర్దిచెప్పి, ఆయనకూ ఒక గిన్నె చారు పోశాము. అప్పటి నుంచి పోపు మాంట్రియల్‌లోనే పెట్టి సీసాలో తీసుకువెళుతున్నాము.

ఏ ఋతువులో

జనవరి చివర నుంచి ఫిబ్రవరి దాకా కార్నవాల్ ఉంటుంది. 1955 నుంచి క్రమంగా జరుపుతున్నారు. జూలైలో వేసవి సంగీతోత్సవం. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట ఆకులు ఎర్రబడే కాలం, పెద్ద ఓడలు రేవుకు వచ్చే కాలం. ఈ మూడు వేళల్లో గదులు నెలల ముందే నిండిపోతాయి, అద్దెలు పెరుగుతాయి. చలికాలపు రాత్రులు సున్నాకు పదిహేను, ఇరవై డిగ్రీలు కిందికి పోతాయి. మెట్లు, వాలు వీధులు గాజులా జారుతాయి. కారు ఉన్నవారు వీధి దీపాల పక్కన నారింజ రంగు దీపం మెరుస్తోందా అని చూడాలి. మెరిస్తే ఆ రాత్రి మంచు ఎత్తుతారు, కారు వీధిలో ఉంటే లాక్కుపోతారు. పెద్దవాళ్లతో వచ్చేవారికి జూన్ మొదటి భాగం, సెప్టెంబరు మొదటి రెండు వారాలు మంచివి.

నది అవతల

ఇప్పుడు మా అక్కయ్య రెండోసారి వచ్చిన సంగతి చెప్పి ముగిస్తాము.

మూడేళ్ల తరువాత వచ్చింది. ఈసారి బొమ్మలు చూసి బస ఎంచలేదు. ఆమెకు ఏమి చూపాలో ముందు నిర్ణయించుకున్నాము. కెబెక్‌కు నది దిగువన సుమారు 48 కిలోమీటర్ల దూరంలో గ్రోస్ ఇల్ అనే ద్వీపం ఉంది. 1832 నుంచి 1937 వరకు ఓడల్లో వచ్చిన వలసదారులను అంటురోగాల భయంతో అక్కడ ఆపేవారు. 1847లో కరువు తప్పించుకుని వచ్చిన ఐర్లండు వారిని టైఫస్ జ్వరం పట్టుకుంది. ఆ ఒక్క ఏడే ద్వీపం మీద ఐదువేల మందికి పైగా పాతిపెట్టారు. ఆ ద్వీపానికి పడవ బెర్తియే స్యుర్ మేర్ అనే ఊరి నుంచి వెళుతుంది. ఆ ఊరు నదికి దక్షిణపు ఒడ్డున ఉంది. కెబెక్ ఉత్తరపు ఒడ్డున ఉంది.

అందుకని నదికి దక్షిణాన, కెబెక్‌కు ఎదురుగా ఉన్న లెవీ ఊరిలో బస చేశాము. నేల అంతస్తులో గది, గుమ్మానికి రెండే మెట్లు. సాయంత్రం పడవ ఎక్కి పదీ పన్నెండు నిమిషాల్లో కెబెక్ రేవుకు వెళ్లి తిరిగి వచ్చాము. కొండ, గోడ, మహలు, దీపాలు అన్నీ ఒక్కసారి కనిపించేది నది మధ్య నుంచే. కోటలో ఉన్నవారికి కోట కనిపించదు కదా. అక్కయ్య చలికి శాలువ కప్పుకుని పడవ అంచున నిలబడి, దిగనన్నది. అదే పడవలో మళ్లీ ఒకసారి తిరిగాము.

మరునాడు పొద్దుట ద్వీపానికి వెళ్లాము. అరగంట ప్రయాణం. మే నుంచి అక్టోబరు లోపలే వెళ్లగలము. పార్క్స్ కెనడా వారి తేదీలు ముందే చూసుకోవాలి. అక్కడ 1892 నాటి శుద్ధిశాల ఉంది. మనుషులకు తుంపర స్నానాలు, బట్టలకు ఆవిరి. ఆ పక్కన ఆరోగ్యంగా ఉన్న ప్రయాణికులను ఉంచడానికి కట్టిన మూడు హోటళ్లు ఉన్నాయి. ఓడలో మొదటి తరగతి టికెట్టు వారికి ఒకటి, రెండో తరగతికి ఒకటి, మూడో తరగతికి ఒకటి. అంటువ్యాధికి లేని తరగతి మంచానికి ఉండేది.

అక్కయ్య మూడో తరగతి హోటలు ముందు చాలాసేపు నిలబడింది. "మనవాళ్లు దిగినప్పుడు ఎక్కడ పడుకున్నారు?" అని అడిగింది. పోర్ట్ లూయిలో ఇప్పుడు ఆప్రవాసి ఘాట్ అంటున్న డిపోలో అని చెప్పాము. కోరంగి, విశాఖపట్నం, మద్రాసు, కలకత్తా, బొంబాయి రేవుల నుంచి వచ్చిన వారంతా రెండు మూడు రోజులు ఆ కొట్టాల్లో ఉండి, కాగితం మీద ఏ తోట పేరు పడితే ఆ తోట కాంపుకు పోయారు. ఓడలో జబ్బు ఉంటే డిపో కూడా లేదు, చిన్న ద్వీపాల మీద దింపేవారు. 1856లో రెండు ఓడల వారిని గాబ్రియేల్ ద్వీపం మీద దింపితే రెండు వందల మందికి పైగా అక్కడే పోయారు. అక్కయ్య విని, "ఎక్కడ ఉంటారు అని వాళ్లను ఎవరూ అడిగి ఉండరు" అన్నది.

ఐరిషు వారు తమవారి గుర్తుగా 1909లో ఆ కొండ మీద ఒక పెద్ద రాతి శిలువ నిలిపారు. 1998లో చనిపోయిన వారి పేర్లు గాజు పలకల మీద రాయించారు. అక్కయ్యకు చదువు రాదు. మేము కొన్ని పేర్లు చదివి వినిపించాము. అందులో మన పేరు ఒక్కటీ లేదు, ఉండదు. అయినా ఆమె చెప్పులు విడిచి విన్నది. మన పేర్లు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థవారి దస్తరాల్లో ఉన్నాయి. గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాసిన పేర్లు. సెలవు దొరికితే వెళ్లి చూడండి. దానికి కెనడా రానక్కరలేదు.

కాబట్టి చదువరులకు మా మనవి. కెబెక్‌లో బస ఎంచేటప్పుడు గది బొమ్మతో మొదలుపెట్టకండి. ఎవరిని తీసుకువెళుతున్నారు, వారి మోకాళ్లు ఎలా ఉన్నాయి, వారికి ఏమి చూపాలి, ఈ మూడూ ముందు అడగండి. ఊరు చూడాలంటే గోడ దగ్గర, పెద్దవాళ్లుంటే ద్వారం బయట చదును మీద, రైలులో వస్తే కింది ఊరు, డబ్బు తక్కువైతే సేన్ రోక్ లేక సేంత్ ఫోయ్, గ్రోస్ ఇల్ వెళ్లాలంటే లెవీ. మెట్లు లెక్కపెట్టండి, నంబరు చూడండి, పన్ను కలపండి, పోపు ఇంట్లోనే పెట్టుకోండి.

మన ముత్తాతలను ఎవరూ అడగని ప్రశ్న ఇవాళ మనం మన పెద్దవాళ్లను అడగగలము. "ఎక్కడ ఉంటావు అక్కా?" అని అడగండి. వాళ్లు చెప్పేదాకా ఆగండి.